అర్థం రాయాల్సిన వాక్యం

ఆ భాష మాట్లాడేవాళ్లు లోకంలో ఇద్దరే మిగిలారు, ఓ అక్కా చెల్లెలూ. చెల్లెలు పోయిన నెలకి భాషాశాస్త్రం లెక్చరర్ రికార్డర్ పట్టుకుని అక్క దగ్గరికి వచ్చాడు.

చెల్లెలికి మరో భాష రాదు. అక్క ఊళ్లో లేనప్పుడు ఆమె చెప్పిన ఒక వాక్యాన్ని అతను రికార్డు చేసుకున్నాడు. అచ్చులూ హల్లులూ విడదీశాడు, దీర్ఘాలు కొలిచాడు, క్రియ ఎక్కడుందో పట్టుకున్నాడు. సదస్సులో పెద్దలంతా శభాష్ అన్నారు. ఇక రాయాల్సింది అర్థం ఒక్కటే.

"పాత కథలో ముక్కనుకుంటానండీ. పాటలా సాగదీసి చెప్పారు," అంటూ మీట నొక్కాడు.

చెల్లెలి గొంతు వినగానే ముసలామె మొహం విప్పారింది. కాసేపటికి ఆ నవ్వు చెదిరిపోయింది.

"కథ కాదు బాబూ. గుండెల్లో నొప్పి, ఊపిరాడటం లేదు, ఎవర్నైనా పిలువు అంటోంది. ఎప్పటిదిది?"

"ఆవిడ పోయిన రోజు పొద్దున."

"ఎదురుగా నువ్వే ఉన్నావు కదా. ఏం చేశావు?"

"దీర్ఘం సరిగ్గా వినపడలేదమ్మా. మళ్లీ చెప్పమని సైగ చేశాను."

"చెప్పిందా?"

"నాలుగుసార్లు చెప్పారు."