పంచదార లేని టీ

"సరుకు సూడకుండా సొమ్మెలా కడతారమ్మా? మా బెల్లం మార్కెట్లో దిమ్మ సూసేకే వేలంపాట," అన్నాడు కన్నబాబు.

సుప్రియ నవ్వు ముఖం చెదరనివ్వలేదు. అనకాపల్లిలో మందులషాపు మీది అంతస్తులో ఉన్న ఆ మెడికల్ కోడింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె కౌన్సెలర్. వచ్చినవాళ్ళకి కోర్సు గురించి చెప్పి ఫీజు కట్టించడం ఆమె పని. ఎన్ని అడ్మిషన్లు పోయినా ఈ ఒక్కటీ పోకూడదని పొద్దున్నే నూకాలమ్మకి కొబ్బరికాయ మొక్కుకుని మరీ వచ్చింది. పైగా నెలాఖరు. డైరెక్టర్ త్రినాధరావు అద్దాల గదిలోంచి మెడ సాచి సాచి చూస్తున్నాడు.

కన్నబాబుది మాకవరపాలెం దగ్గర పల్లె. చెరకు రైతు. పక్కన భార్య దేముడమ్మ, ఆ పక్కన కొడుకు నానాజీ. బీఎస్సీ పూర్తిచేసి రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న నానాజీ, గోడమీది ఎముకల బొమ్మకేసే చూస్తున్నాడు. వచ్చి పావుగంటైనా సుప్రియ వైపు ఒక్కసారి తల తిప్పితే ఒట్టు.

"ఆడపిల్లల ఎదట మావోడికి నోరు పెగల్దమ్మా," అంది దేముడమ్మ మురిపెంగా. "సిన్నప్పట్నుంచీ అంతే."

"మంచిదే కదాంటీ! మీరు ఆ సోఫాలోంచి ఇలా ఎత్తు కుర్చీలోకి వచ్చెయ్యండి. మళ్ళీ లేవాలంటే కష్టం."

దేముడమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, హాయిగా మారి కూర్చుంది.

టీలు వచ్చాయి. సుప్రియ ఒక కప్పు ఏరి కన్నబాబు ముందు పెట్టింది. ఆయన ఒక గుక్క తాగి ఆగాడు.

"ఇందులో పంచదార లేదేటి? నాకు సుగరని నీకెవలు సెప్పేరు?"

"పెద్దవాళ్ళకి ముందు చప్పటి టీయే ఇస్తామంకుల్. కావాలంటే పంచదార వేయిస్తాను."

"వద్దొద్దు," అంది దేముడమ్మ గబుక్కున. ఇంట్లో బెల్లం వండేదీ ఆయనే, చాటుగా తినేదీ ఆయనే అని ఆవిడ బాధ.

"సరే, అసలీ కోడింగంటే ఏటో సెప్పు."

"మీ సుగరుతోనే చెప్తాను. అమెరికాలో మీలాంటాయన ఆస్పత్రికెళ్తే, డాక్టరు రాసిందంతా చదివి ఆ జబ్బుకి ఈ-పదకొండు అని కోడు వెయ్యాలి. మోకాలి అరుగుదలైతే ఎం-పదిహేడు. ఆ కోడ్లు చూసే ఇన్సూరెన్సువాళ్ళు డబ్బిస్తారు. ఒక్క అంకె తప్పేసినా బిల్లు తిరుగుటపాలో వచ్చేస్తుంది."

"అంటే మా ఇంట్లో రెండు కోడ్లున్నాయన్నమాట," అని కన్నబాబు నవ్వాడు. అంతలోనే ముఖం బిగించాడు. "వైజాగులో ఇలాంటివి పదున్నాయి. ఈడేమో ఇక్కడే సేరతానని రెణ్ణెల్లుగా పీక్కుతింటన్నాడు. ఏటి మీ గొప్ప?"

నానాజీ దాదాపు ఎముకల బొమ్మలో కలిసిపోయాడు.

"గొప్పేం లేదంకుల్."

"మరి ఉజ్జోగం వత్తాదా?"

సుప్రియ తలుపు తెరిచే ఉన్న అద్దాల గదివైపు చూసి, అయినా చెప్పేసింది. "గ్యారంటీ అని బోర్డుమీద ఉంది గాని, నేనివ్వను. సర్టిఫికేట్ పరీక్ష పాసవ్వాలి. కష్టపడితే వస్తుంది, లేకపోతే రాదు. నలభై వేలూ ఒక్కసారే కట్టకండి. మూడు వాయిదాలు పెట్టండి. క్లాసు ఎగ్గొడితే మీకు నేనే ఫోన్ చేస్తాను."

కన్నబాబు లోపలి జేబులోంచి డబ్బు తీశాడు.

"ఉన్నదున్నట్టు సెప్పేవమ్మా. నాకది సాలు. రాయి ఫారం."

సుప్రియ పెన్ను తీసింది. నానాజీ నోరు మెదపకుండానే ఫారం నిండిపోయింది.

"మీదే ఊరమ్మా?" అడిగింది దేముడమ్మ.

"కొండకర్లండి."

"నీలాంటి పిల్ల పక్కనుంటే మావోడు దారిన పడిపోతాడు. ఆదివారం బెల్లం వండతన్నాం, మా ఇంటికి రా. వేడి పాకం తిందువుగాని."

"తప్పకుండా వస్తానాంటీ," అంది సుప్రియ.

వాళ్ళు మెట్లు దిగగానే త్రినాధరావు బయటికొచ్చాడు.

"గ్యారంటీ లేదని చెప్పేస్తే ఎలాగమ్మా? సరేలే, కట్టేరు కదా. నీ ఇన్సెంటివ్ రెండు వేలు రాసేస్తాను."

"నాకొద్దు సార్. వాళ్ళ రెండో వాయిదాలో తగ్గించెయ్యండి."

"అదేటమ్మా! ఎవరికో నువ్వెందుకు తగ్గించడం?"

సుప్రియ కిటికీ దగ్గరకి వెళ్ళింది. కింద తల్లినీ తండ్రినీ ఆటో ఎక్కించి, నానాజీ గాభరాగా జేబులోంచి ఫోను తీశాడు. సుప్రియ కూడా తన ఫోను తీసి, అతనికి మెసేజ్ పెట్టింది.

"మన పెళ్ళిచూపులు అయిపోయేయి."