సీసాడు నీళ్లు

సీసా మూత తీయగానే పటేలు రాజమల్లయ్య పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"వాసనేం లేదు పటేల్ సాబ్," అన్నాడు కరీముద్దీన్.

"నీకేం ఎరుక సాబ్? మాదిగోళ్ల బాయి నీళ్లు గవి. పక్కనే తోళ్లు నానేసే లంద. తలుసుకుంటెనే కడుపుల తిప్పుతది."

1944 వేసవి. సిద్దిపేటలో వాంతులు, విరేచనాలు. పటేలు ఇంట్లోనే ఇద్దరు మంచం పట్టారు. రోగం మాదిగవాడ బావి నుంచే వస్తోందని పటేలు పట్టుదల. దాన్ని పూడ్పించడానికి రుజువు కావాలని హైదరాబాదు నుంచి నీళ్లు పరీక్షించే కరీముద్దీన్‌ను పిలిపించాడు. నీళ్లలో మలమూత్రాల జాడ ఎంత కొంచెమున్నా పట్టేసే పద్ధతి కోసం అతను రెండేళ్లుగా తంటాలు పడుతున్నాడు. పాత పద్ధతికి చిక్కనిది తనదానికి చిక్కాలి.

పొద్దున్నే పటేలు జీతగాడు మైసయ్య సీసా పట్టుకుపోయి, చుట్ట కాలినంతసేపట్లో నింపుకొచ్చాడు.

పటేలు ఇంటి అరుగుకు దూరంగా మాదిగవాడ బుచ్చవ్వ నిలబడి ఉంది.

"బాయి పూడిస్తె మేమేడ తాగాలె దొరా? ఊరిడిశి పోవుడేనా? నా బిడ్డలు తలో దిక్కయితరు."

"నోర్ముయ్యి!"

కరీముద్దీన్ నీళ్లు కాచి, ఆవిరిని చల్లార్చి, మొదటి చుక్కలు గాజుగొట్టంలో పట్టాడు. మందు వేశాడు. లేత పసుపు. ముదురు పసుపు. చివరికి గోధుమరంగు.

"దొరికింది!" అతను గాజుగొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూపాడు. "పాయఖానా నీళ్లు కలిసినయ్. ఇంత ముదురు రంగు నేనేడ చూడలే."

పటేలు ఖాండ్రించి ఉమ్మాడు. "థూ! పియ్యి నీళ్లు తాగుతున్రు. మనుషులేనా మీరు?"

"మా వాడల ఒక్కలకు గూడ రోగం రాలే దొరా."

"పెంటల పురుగుకు రోగమేందే?"

అరుగు మీదివాళ్లు ముక్కులు మూసుకునే నవ్వారు.

మధ్యాహ్నానికి బండ్లకొద్దీ మట్టి ఆ బావిలో పడింది. పొద్దు వాలకముందే బుచ్చవ్వ పెద్దకొడుకు పెళ్లాంపిల్లలతో హుస్నాబాద్ దారి పట్టాడు. చిన్నకొడుకు దానికి ఎదురు దిక్కున నడిచాడు. ఆమె ఎవరి వెంటా పోలేక నడిదారిలో కూలబడింది.

పటేలు ఇంకా ఉమ్ముతూనే ఉన్నాడు. నోరు పుక్కిలించి, పెరట్లోని సొంత బావిలోంచి మైసయ్య తోడిచ్చిన చల్లటి నీళ్లు రెండు చెంబులు గటగటా తాగాడు.

మాదిగవాడలో కాలు పెడితే మైలపడతానని, పొద్దున మైసయ్య ఆ సీసాను కూడా ఈ బావిలోనే ముంచాడు.