పలికే చెక్క

“ఒక్క చెక్క మెత్తగా మోగినా ఇంటికే,” అంది నెరిడా, చేతిలో కొయ్య సుత్తి ఆడిస్తూ. “తర్వాత మూతి ముడుచుకోకు డెస్.”

డెస్ అప్పటికే ముడుచుకున్నాడు. “నువ్వు బయట కొడుతూ రా. నేను లోపల అదే చోట బదులు కొడతా. చెక్క సంగతి ఇద్దరికీ తెలుస్తుంది.”

“తెలిస్తే మాత్రం చెప్తావా? ప్రేమలో పడ్డవాడి సాక్ష్యం ఎవరికి కావాలి?”

హ్యూవాన్ నది ఒడ్డున, దిమ్మెల మీద నిలబెట్టిన పాత తెరచాప పడవ అది. పేరు కర్లూ. ఇల్లు వదిలి ఇక అందులోనే ఉండాలని డెస్ ఆశ. ఒకప్పుడు వేరే పడవలో, కొత్త రంగు కింద దాగిన ఒక పుచ్చు చెక్క నెరిడా తండ్రిని సముద్రం పాలు చేసింది. అందుకే ఆఖరి మాట ఆమెదని ఒప్పందం.

“మా అన్న ఎమ్రిస్ కట్టాడు తల్లీ,” అన్నాడు పడవ అమ్ముతున్న క్లైవ్. “చనిపోయేదాకా ఇందులోనే కాపురం. మొండిఘటం. పుచ్చుకి రంగు పూసి అమ్మేవాణ్ణి చూస్తే వాడికి ఒళ్ళు మండేది.” అలా అంటూనే కోటు జేబులన్నీ తడుముకుంటున్నాడు. పొగాకు కాబోలు.

మగవాళ్ళిద్దరూ నిచ్చెన ఉన్న అవతలి పక్కకు వెళ్ళారు. పక్క షెడ్డులో రంపం గీపెడుతోంది. డెస్ అరిచినదాంట్లో “వెళ్తున్నా” ఒక్కటే ఆమెకు చేరింది.

“వెళ్ళు. వంగి నడు, తల పగులుతుంది.”

కాసేపటికి రంపం ఆగింది. నెరిడా పడవ ముక్కు దగ్గర మొదలుపెట్టింది. చెక్క ఖంగుమంది. లోపల్నుంచి వెంటనే, సరిగ్గా అక్కడే, టక్.

ఇంకో చెక్క. టక్.

ఇన్నేళ్ళ కాపురంలో పిలవగానే డెస్ పలకడం ఇదే మొదటిసారి. అంత భారీ మనిషి, ఒక్క అడుగు చప్పుడైనా లేదు. ఈ పొందిక ఇంట్లో గిన్నెలు కడిగేటప్పుడు ఏమవుతుందో.

“నీకిది ఆటగా ఉందా?” అంది చెక్కతో.

టక్ టక్.

ఆమె నవ్వుకుని ముందుకు జరిగింది. దెబ్బ ఆమెతో రాలేదు. వెనకే ఉండిపోయి, దిమ్మె పక్కన, బాగా కింద, ఆగకుండా మోగుతోంది.

“అక్కడ అయిపోయిందిగా.”

టక్ టక్ టక్. విసుగ్గా.

వెనక్కొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, దిమ్మె చాటునున్న చెక్కను కొట్టింది. అది మోగలేదు. మెత్తగా పలికింది. గోటితో గీస్తే తళతళలాడే తెల్ల రంగు ఊడి, కింద చెక్క తడిసిన కేకులా ముద్దముద్దగా రాలింది. లోపలి మోత ఠక్కున ఆగిపోయింది.

నెరిడా గోటికంటిన పుచ్చును తుడుచుకుంది. తను దీన్ని దాటేసి పోయింది. డెస్ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. అతని కలంతా ఈ చెక్క కిందే ఉంది. అయినా పిలిచి మరీ చూపించాడు.

ఒక చెక్కదేముంది, మార్చుకోవచ్చు. సముద్రం మీద కావలసింది ఇలా దాచని మనిషి.

లేచి, పడవ ఒంటికి అరచెయ్యి ఆనించింది. అప్పుడే చిత్రిక పట్టినట్టు పచ్చి చెక్క వాసన గుప్పున కొట్టింది.

“సరే, కొందాం. దిగిరా ఇక.”

టక్ టక్. ఈసారి మెల్లగా, సరిగ్గా ఆమె అరచేతి కింద.

వెనక, గేటు దగ్గర కారు ఆగింది. క్లైవ్ దిగాడు. రెండో తలుపు తీసుకుని డెస్ ఆయాసపడుతూ ఆమె వైపు నడిచాడు.

“లేటైంది నెరిడా, పడవ తాళంచెవి క్లైవ్ ఇంట్లో ఉండిపోయింది, ఇద్దరం వెళ్ళి తెచ్చాం.”