పాడవ్వాల్సిన బోర్డు

కంప్యూటర్ షాపులో కౌంటర్ దగ్గరి అమ్మాయి రెండు మదర్‌బోర్డులు నా ముందు పెట్టింది.

"ఇది మంచిదండీ. ప్రాసెసర్ పక్కన వేడి లాగేసే హీట్‌సింకులు చూశారా? కొన్నవాళ్లు పాడైందంటూ మళ్లీ మా మెట్లెక్కరు."

ఇవన్నీ నాకు తెలుసు. ఆమె చెబుతుంటే వినాలనే అడిగాను.

"మరి అదండీ?" అన్నాను నేలచూపులు చూస్తూ.

"దానికి రంగు లైట్లు తప్ప ఏమీ లేవు. వేడెక్కి నెల తిరక్కుండానే మూలన పడుతుంది. ఇక రిపేరుకని మా చుట్టూ తిరగడమే."

నా గుండె గంతేసింది. "అదే ఇవ్వండి."

ఆమె నన్ను జాలిగా చూసి, లోపలికెళ్లి ప్యాక్ చేసి తెచ్చింది.

"చేతిలో డబ్బులు తక్కువున్నట్టున్నాయి, నాకర్థమైందిలే. ఆ రేటుకే మంచిది పెట్టాను. ఇంక నీకు మా షాపుతో పనే పడదు తమ్ముడూ!"