తోకకి సుంకం

ముసలాయన ఈసారి కూడా ముందే నవ్వాడు.

కూర్మారావు చదవడం ఆపి కళ్ళజోడు మీదుగా చూశాడు. గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడాయన. నవ్వించాల్సిన మాట ఇంకా కాగితం మీదే ఉంది. గదిలో మిగతా ఇరవై మందీ దాని కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నారు.

అది కాసిడీహ్ పేటలో తెలుగువాళ్ళ సంఘం గది. కార్ఖానా టైమాఫీసులో గుమాస్తా అయిన కూర్మారావు ప్రతి ఆదివారం సాయంత్రం అక్కడ తన నవల చదువుతాడు. సంజీవి కోసం బయల్దేరిన ఆంజనేయుడు దారి తప్పి సువర్ణరేఖ నది ఒడ్డున దిగుతాడు. కార్ఖానా పొగ చూసి లంక ఇంకా తగలబడుతూనే ఉందనుకుంటాడు. తీరా లోపలికి వెళ్ళాలంటే ఖలాసీ కూలీగా చేరక తప్పదు. అదీ కథ.

బెజవాడ అచ్చాఫీసువాళ్ళు వేస్తామని ఉత్తరం రాసిన దగ్గర్నుంచి కూర్మారావు నడకే మారిపోయింది. 'ఇందులోని హాస్యమంతా రచయిత సొంతం' అని మొదటి పేజీ మీద రాసి పెట్టుకున్నాడు కూడా. చిన్నప్పుడు అమ్మ బువ్వ తినిపిస్తూ చెప్పిన మాటలు అందులో బోలెడున్నాయి. అమ్మ పుట్టించినవే కదా, ఇంటి సొత్తేననుకున్నాడు.

గొంతు సవరించుకుని మళ్ళీ అందుకున్నాడు.

"ఆంజనేయుడు గేటు దగ్గర పాసు చూపించాడు. దర్వాను ఎగాదిగా చూసి, నువ్వెళ్ళొచ్చు గానీ..."

"తోకకి సుంకం వేరే!" అన్నాడు ముసలాయన గుమ్మం దగ్గర్నుంచి.

గది గొల్లుమంది.

కూర్మారావు కాగితం మీద 'తోకకి పాసు వేరే' అని ఉంది. ఇంక అది చదివి ఏం లాభం?

పక్కనే కూర్చున్న ఆఫీసు స్నేహితుడు సూర్యం చెవిలో ఊదాడు.

"చోర్ పకడా గయా, భాయ్! దొంగ దొరికిపోనాడు. భుయ్యాడీహ్ బస్తీలో పిల్లలకి ఈ తోక ముచ్చట చెప్తన్నది ఈ ముసలోడేనంట. నీ పుస్తకం ఈ గది బీరువాలోనే కదా ఉంటాది? చాపలు పరుత్తానని అందరికన్నా ముందొచ్చేది ఎవడు?"

కూర్మారావుకి ఒళ్ళు మండిపోయింది. అచ్చు కాకముందే ఊరంతా పాకిపోతే పుస్తకం ఎవరు కొంటారు?

లేచి నిలబడ్డాడు.

"ఏటయ్యా, నా పుస్తకం దొంగతనంగా చదువుతన్నావా?"

ముసలాయన నవ్వు ఆగిపోయింది. "నాకు అచ్చరమ్ముక్క రాదు బాబూ."

"దొరికిపోయినోళ్ళంతా అనేది అదే. రాకపోతే నా మాట నీ నోట్లోకి ఎలాగొచ్చింది?"

ఆయన ఏదో చెప్పబోయాడు. అందరి మొహాలూ చూశాడు. కుడిచేతి వేళ్ళు సన్నటి పుల్లని పట్టుకున్నట్టు గాలిలో కదిలాయి.

"తప్పయిపోనాది బాబూ. నోరు ఆగలేదు. మరి అనను. నువ్వు సదువు."

"నువ్వు బయటికి నడు. అప్పుడు చదువుతాను."

ముసలాయన లేచాడు. తను కూర్చున్న చాప చుట్టి, గోడకి ఆనించి మరీ వెళ్ళాడు.

కూర్మారావు ఆ అధ్యాయం పూర్తి చేశాడు. ఎందుకో ఎవరూ పెద్దగా నవ్వలేదు.

మరుసటి ఆదివారం చాపలు ఎవరూ పరవలేదు. కూర్మారావే దులుపుకుంటుంటే, ఖాకీ నిక్కరు తొడుక్కున్న ఖలాసీ ఒకాయన చంకలో పొడుగాటి గుడ్డచుట్టతో వచ్చాడు.

"నా పేరు ఆదిబాబండి. గుమ్మం కాడ కూకునే ముసలాయన మా మావయ్య అసిరయ్య. ఇది మీకిచ్చీమన్నాడు."

"నాకెందుకు?"

"నాకూ తెల్దండి. ఇంక దీని చేత మాటలాడించీవోడు ఆ బాబే అన్నాడు."

కూర్మారావు చుట్ట అందుకుంటూ అడిగాడు. "మీ మావయ్యకి నిజంగానే చదువు రాదా?"

ఆదిబాబు వింతగా చూశాడు. "కూతురు ఉత్తరం రాత్తే, నేను డూటీ దిగొచ్చీదాకా ఒళ్ళో ఎట్టుకు కూకుంటాడండి. నేను సదివి ఇనిపించాల."

కూర్మారావు చెవులు మండాయి. అక్షరం రాని మనిషిని ఇరవై మంది ముందు పుస్తకం దొంగని చేశాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ఇప్పుడెక్కడున్నాడు? నేను వస్తాను, పద."

"మొన్నే బండెక్కి ఎలిపోనాడండి. మరి రాడు. ఈ ఊళ్ళో నా మొకం ఎవులికీ సూపించలేనన్నాడు."

ఆ రోజు కూర్మారావు నవల చదవలేదు. గుడ్డచుట్ట పట్టుకుని తిన్నగా ఇంటికొచ్చాడు.

అమ్మ జోగమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. జరిగిందంతా ఆవిడకి చెప్పేశాడు. ఒక్క ముక్క దాచుకోలేదు.

జోగమ్మ గుడ్డచుట్ట విప్పింది.

లోపల ఆంజనేయుడి తోలుబొమ్మ. రంగులు వెలిసిపోయాయి. ఒళ్ళంతా పల్చటి తోలు. తోక మాత్రం నల్లటి చెప్పుల తోలు, ముతక దారంతో కుట్టి ఉంది.

ఆవిడ చేట పక్కకి నెట్టి ఆ కుట్టుని వేలితో తడిమింది. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏటమ్మా?"

"నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆడిన బొమ్మరా ఇది. తోక కుక్క లాక్కుపోతే, ఆటగాడు ఈ తోక కుట్టీసి, లంక వాకిట్లో రాకాసి చేత 'తోకకి సుంకం వేరే' అనిపించీశాడు. నవ్వలేక సచ్చాం."

కూర్మారావు బొమ్మని చేతిలోకి తీసుకున్నాడు.

"ఆయన మొకం నేనెప్పుడూ సూల్లేదు, గొంతొక్కటే ఇన్నాను," అంది జోగమ్మ. "నీకు బువ్వెట్టీటప్పుడు నేను సెప్పిన మాటలన్నీ, తెర ఎనకాలనుంచి ఆ అసిరయ్య సెప్పినవేరా."