మేస్త్రి చెవిలో బిళ్ల

అక్షరాలు ఈ వయసులో దిద్దాను. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి, నెమ్మదిగా రాస్తున్నాను.

ఇప్పుడు ఎక్కడ పనిచేసేవాళ్లకైనా చెవి బిళ్ల ఇస్తున్నారు. ఎదుటివాళ్లు తిడితే అది తీపి మాటగా మార్చి వినిపిస్తుంది. మా జీడిపప్పు ఫ్యాక్టరీ మేస్త్రి అప్పలనరసయ్య మాత్రం "మగాణ్ణి, నాకెందుకు?" అని పెట్టుకోలేదు. అందుకే మేనేజరు ఫోనులో తిట్టే తిట్లన్నీ ఉన్నవున్నట్టే విని, తెచ్చి మా మీద కుమ్మరిస్తాడు.

మొన్న కొత్త పిల్ల నూకాలుని తిట్టిపోశాడు. అది సిగ్గుపడిపోయి, "మీ దయ బావూ" అంది.

మేస్త్రి మొహం కందగడ్డయింది. అనుమానమొచ్చి నా బిళ్ల తీసి విన్నాను.

"ఏటే, ఎక్కిరింతా? రేపట్నించి పనిలోకి రాకు!"

"అలాగే బావూ, మీరూ రండి" అంది నూకాలు నవ్వుతూ. బిళ్ల దాన్ని ఏ పెళ్లికి పిలిచిందో మరి!

పిల్ల కూలి పోయేలా ఉంది. "ఉండు నాయనా, చెవి మీద పురుగు" అంటూ నా బిళ్ల మేస్త్రి చెవిలో నొక్కేశాను. అంతలో మేనేజరు ఫోను.

"అయ్యో, అంత మాటెందుకండీ, అంతా మీ అభిమానం" అని మేస్త్రి మెలికలు తిరిగాడు. ఫోను పెట్టేసి, "నువ్వు కూచో తల్లీ, పని చేసుకో" అన్నాడు నూకాలుతో.

కాసేపటికి మేనేజరే ఊగిపోతూ కారు దిగాడు. మేస్త్రి నవ్వుతూ ఎదురెళ్లాడు.

"నూకాలూ, నీ బిళ్ల ఓసారి ఇలా ఇయ్యి, మేనేజరు బాబు చెవి మీదా పురుగుంది" అన్నాను.

కోరాడ పోలమ్మ, అరవై ఏడేళ్లు, ప్రస్తుతం కాశీబుగ్గ.