తుమ్మ మొద్దు

ఆ ముసలాయన మూడోరోజు కూడా వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి ట్రాలీ ముందు నిలబడ్డాడు.

ధర అడగలేదు.

రత్నాకర్‌కు అదే అంతుపట్టలేదు. సిద్దిపేటలో పాత ట్రాలీలు కొని, బాగుచేసి అమ్మడం అతని వ్యాపారం. ఇరవై ఏళ్లలో షెడ్డు ముందు ఆగిన ప్రతి మనిషికీ ఏదో ఒకటి కావలసే ఉండేది. కొనేవాడు వంకలు వెతుకుతాడు. దళారి కమీషన్ చూసుకుంటాడు. పక్క షెడ్డువాడు గుట్టు లాగుతాడు. ఈయన ఏ లెక్కలోకీ రావడం లేదు.

చూసేది కూడా ఒక్క ట్రాలీనే. డబ్బా పైకి లేచి వడ్లు గుమ్మరించే హైడ్రాలిక్ ట్రాలీ అది. రాయపోల్‌లో దుర్గవ్వ ఇంటి వెనక నాలుగేళ్లుగా తుప్పు పడుతుంటే చవకగా కొన్నాడు. ఎందుకు మూలన పడేశారని అడగలేదు. చవకగా వచ్చే సరుకు గురించి ఎక్కువ అడిగితే ధర పెరుగుతుందని అతని నమ్మకం.

మెకానిక్ సతీశ్ డబ్బాను లేపే జాకీ విప్పి సీళ్లు మార్చాడు. రేకులు అతికించి రంగు కొట్టాడు. జాకీకి ఆయిల్ పంపే పైపు కూడా మారుద్దామంటే, పాతదే నడుస్తుందిలే అన్నాడు రత్నాకర్.

నాలుగోరోజు ముసలాయన సైకిలు మీద నడుమెత్తు తుమ్మ మొద్దు కట్టుకొచ్చాడు. లేపి ఉంచిన డబ్బా కింద దాన్ని నిలబెట్టి, ఊగుతుందేమో చేత్తో నెట్టి చూశాడు.

"ఎంతియ్యాలె?" అన్నాడు రత్నాకర్.

"పైసలెందుకు సేటూ. గీడ ఉండనియ్యి."

ఊరికే వచ్చిన ఆ మొద్దు రత్నాకర్‌ను మరింత గాబరా పెట్టింది.

అప్పుడే నారాయణరావుపేట నుంచి రాజమల్లయ్య బేరానికి వచ్చాడు. కోతలు మొదలయ్యాయి, శుక్రవారానికల్లా ట్రాలీ కావాలి. అంతా నచ్చింది. చివరికి పాత బండి కొనే ప్రతివాడూ అడిగేదే అడిగాడు.

"బండి సాఫేనా? దీంతోని ఎవలకన్న ఏమన్న అయ్యిందా? అయితే మా ఇంట్లోల్లు ముట్టనియ్యరు."

అట్లాంటిదేమీ లేదన్నాడు రత్నాకర్. రాజమల్లయ్య ముసలాయన వైపు తిరిగాడు.

"ఏం చాచా, నువ్వేమంటవు?"

ముసలాయన డబ్బా రేకు మీద చెయ్యి వేశాడు.

"ఇనుము మంచిదే బిడ్డా. లేపినంక మొద్దు పెట్టకుంట మాత్రం కిందికి ఎవ్వల్ని దూరనియ్యకు."

రాజమల్లయ్య ముఖం మారింది. రేపొచ్చి చెబుతానని బయలుదేరాడు.

"నా బేరం చెడగొట్టనీకి ఎవలు తోలిన్రు నిన్ను?" అన్నాడు రత్నాకర్. "ఇంకోపారి గీడ కనబడకు."

ముసలాయన మొద్దును ఇంకోసారి నెట్టి చూశాడు. సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

మొద్దును తీసి పారెయ్యమన్నాడు రత్నాకర్. ముందు పైపు బిగించి తర్వాత తీస్తానంటూ సతీశ్ డబ్బా కిందికి దూరాడు.

పైపు పగిలింది. ఆయిల్ చిమ్మింది. అంత ఇనుమూ జానెడు కిందికి దిగి, మొద్దు మీద కిర్రుమని ఆగింది.

సతీశ్ పాకుతూ బయటికి వచ్చాడు.

రత్నాకర్ ఎన్ని విధాల కూడినా లెక్క కుదరలేదు. బేరం చెడగొట్టేవాడు మొద్దు ఎందుకు తెస్తాడు? ఇట్లా అవుతుందని ఆయనకు ముందే ఎట్లా తెలుసు? దుర్గవ్వకు ఫోన్ చేసి ముసలాయన ఆనవాళ్లు చెప్పాడు.

ఆమె వెంటనే పోల్చుకుంది. ఖుతుబుద్దీన్ మిస్త్రీ, ఇప్పుడు సిద్దిపేటలోనే ఉంటున్నాడట. ఆ ట్రాలీ రిపేర్లన్నీ చేసింది ఆయనేనట. నాలుగేళ్ల కింద ఇట్లాగే డబ్బా లేపి పైపు విప్పుతుంటే మీద పడి, దాని కింద ఒక మనిషి పోయాడట.

"మరి ఆయన నాకో మాట చెప్పొచ్చు గదా?"

"చెప్తే నీ బండి ఎవలు కొంటరు బిడ్డా?"

రత్నాకర్ మొద్దు వైపు తిరిగాడు.

"పోయింది ఆయన కొడుకు సుఫియానే," అంది దుర్గవ్వ, "ఏం గాదు, నేనున్న గదా అని కిందికి తోలింది ఆయనే."